ఎడమచేతి గిటారు

గిటార్లు చేసే మాస్టారికి తన చెవి మీద తగని గర్వం. చెక్కపలకను వేలి కణుపుతో తట్టి, కళ్లు మూసుకుని, ఇంకా చిత్రిక పట్టాలో ఇక చాలో తేల్చేసేవాడు. ముప్పయ్యేళ్లుగా ఆ షెడ్డులో ఆయన మాటకు ఎదురు లేదు. అలాంటి మనిషి ఇప్పుడు ప్రెస్సాయన స్కూటరు చప్పుడు వినబడితే చాలు, పనేమీ లేకపోయినా జిగురు గిన్నె పట్టుకుని వెనక గదిలోకి జారుకుంటున్నాడు. ఖర్మ కాకపోతే ఏమిటి!

ప్రింటింగ్ ప్రెస్సు నడిపే ఈ ప్రెస్సాయన ఒకప్పుడు గిటారు బాగా వాయించినవాడే. కాగితాలు కోసే మిషన్లో ఎడమచేతి వేళ్లు రెండు పోయాయి. తీగలు నొక్కే వేళ్లు అవే. సరే, చేతులు మార్చుకుంటాను, కుడిచేత్తో నొక్కి ఎడమచేత్తో మీటడం మొదటినుంచి నేర్చుకుంటాను, దానికి తగ్గ గిటారు చేసిపెట్టమన్నాడు. మాస్టారు ఆయన కుడిచేతికి కొలతలు తీసుకుని, గిటారు మెడ సన్నం చేసి, ఏడు వారాలు ప్రాణం పెట్టి చేశాడు.

ప్రాణం పెట్టాడు సరే, బుర్ర పెట్టలేదు. గిటారు ముందు పలకకు లోపలివైపు సన్నటి చెక్క పట్టీలు అంటిస్తారు. లావు తీగల వైపు పలక వదులుగా ఊగాలి, సన్న తీగల వైపు బిగువుగా నిలవాలి. ఎడమచేతి వాటానికి ఆ పట్టీలన్నీ అటువి ఇటు కావాలి. మాస్టారు రేడియో వింటూ, చేతుల అలవాటు కొద్దీ, కుడిచేతివాళ్లకు అంటించినట్టే అంటించేశాడు. పెట్టె మూసి, పాలిష్ కూడా అయ్యాక, లోపల చెక్కపొట్టు ఏమైనా ఉందా అని చిన్న అద్దం పెట్టి చూసినప్పుడు గానీ ఆ తప్పు కంటపడలేదు. సరిచేయాలంటే పలక ఊడబెరికి మళ్లీ మొదలుపెట్టాలి. ఆ, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు.

నిజంగానే ఎవరికీ తెలియలేదు. వచ్చిన చిక్కల్లా అదే. ప్రెస్సాయన నెలకోసారి వచ్చి, లావు తీగలు మూగగా పలుకుతున్నాయనేవాడు. తప్పు గిటారుది కాదు, తన ఎడమచెయ్యే మొద్దుదని తిట్టుకునేవాడు. మాస్టారు తీగలు మార్చి, సాధన చెయ్యండి, చెయ్యి అదే తిరుగుతుందని ధైర్యం చెప్పి పంపేవాడు. ఆ మాట అన్న నోటికి అన్నం సహించేది కాదు. ఏమైందని భార్య అడిగితే కసురుకునేవాడు.

ఎనిమిదో నెలలో ఒకరోజు ప్రెస్సాయన గిటారు తెచ్చి బల్ల మీద పెట్టాడు. చెయ్యి బాగున్నవాళ్లెవరికైనా ఇచ్చెయ్యమన్నాడు. రోజూ రెండు గంటలు కూర్చున్నా లాభం లేదు, ఇక ఈ జన్మకు ఆశ వదిలేసుకున్నానన్నాడు. ఇంత మంచి వాయిద్యాన్ని తన చేతిలో పాడుచేసినందుకు ఏమీ అనుకోవద్దని, క్షమించమని కూడా అన్నాడు.

క్షమించమన్నాడు! సిగ్గుతో మాస్టారు సగం చచ్చిపోయాడు.

"మీ చేతికి ఏ లోపమూ లేదు," అన్నాడు నేల చూస్తూ. "లోపల పట్టీలు నేనే కుడిచేతివాళ్లకు అంటించినట్టు అంటించేశాను. మీకు ఇచ్చే ముందే తెలుసు."

నాలుగు తిట్టినా బాగుండునని మాస్టారికి అనిపించింది. ప్రెస్సాయన మాత్రం మూడు వేళ్లు మిగిలిన ఎడమచేతిని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

కొత్తది చేసిస్తానని మాస్టారు గొణిగాడు. అదెలాగూ చేస్తారు అని ప్రెస్సాయన ఫోన్ తీసి నంబరు నొక్కాడు.

"మా అమ్మాయి. ఇక చాలు నాన్నా, ఆ చేతిని హింసపెట్టకు అని రాత్రంతా ఏడ్చింది. అందుకే ఇవాళ తెచ్చేశాను. నాకు చెప్పిందే దానికీ చెప్పండి."

ఫోన్ మాస్టారి చేతిలో పెట్టాడు. అవతల ఆ పిల్ల, "నాన్నా, ఇచ్చేశావా? బాధపడుతున్నావా?" అంటోంది.

"నాన్న కాదమ్మా," అన్నాడు మాస్టారు. "గిటారు చేసినవాణ్ణి."

మిగతాది చెప్పేదాకా కదిలేది లేదన్నట్టు ప్రెస్సాయన కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.