రెండో తాళంచెవి

లిఫ్టు మెకానిక్కులకు ఒక కట్టుబాటు ఉంది. లిఫ్టు గోతిలోకి దిగేముందు కింద కరెంటు స్విచ్చు ఆపి, ఎవరూ మళ్లీ వెయ్యకుండా దానికి సొంత తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకోవాలి. తాళానికి తాళంచెవి ఒక్కటే. వేసినవాడే తియ్యాలి. ప్రేమలో పడ్డవాడికి కట్టుబాట్లు ఎక్కడ గుర్తుంటాయి? ఈ మెకానిక్ రెండో తాళంచెవి చేయించి, మూడో అంతస్తులో పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి చేతిలో పెట్టాడు. "నా ప్రాణం నీ చేతిలో ఉంది" అన్నాడు. అప్పుడు ఆమె మురిసిపోయింది.

పోయినవారం ఆమె ఇక చాలన్నది. అతను చెడ్డవాడేం కాదు. ఫోను ఎత్తకపోతే అన్నం మానేస్తాడు, అక్కతో సినిమాకి వెళ్తే జ్వరం తెచ్చుకుంటాడు. ఆ బెంగంతా మోసి మోసి ఆమెకు ఊపిరాడలేదు. అయితే చాలన్ననాటి నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు. ఏమన్నా చేసుకుంటాడేమో, ఆ పాపం తనకే చుట్టుకుంటుందేమోనని ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడేది.

ఇవాళ పొద్దున స్విచ్చుకు అతని తాళం ఉంది. మధ్యాహ్నమైనా అలాగే ఉంది. గోతిలో చప్పుడు లేదు. దవడ వాచిన ముసలావిడ మెట్లెక్కలేక కింద కుర్చీలో మూలుగుతోంది. అందరూ చాటుగా తొందరయ్య అని పిలుచుకునే బిల్డింగు మేనేజరు కాలు కాలిన పిల్లిలా తిరుగుతూ, మెకానిక్ టీకి పోయుంటాడని తేల్చేశాడు. వాళ్లిద్దరి సంగతి బిల్డింగులో తెలియనిదెవరికి?

"నీ దగ్గర ఇంకో తాళంచెవి ఉందటగా అమ్మాయ్, తీసెయ్. లోపలుంటే పలకడా?" అన్నాడు ఆమెను కిందికి పిలిపించి.

ఆమె తలుపు సందులో నోరుపెట్టి పిలిచింది. పలకలేదు. మళ్లీ పిలిచింది. తాళంచెవి తాళం దాకా వెళ్లింది కూడా. లోపల పడి ఉన్నాడేమో, ఈ స్విచ్చుతో మిగిలిన ప్రాణం తనే తీస్తుందేమో. తాళంచెవి వెనక్కి లాక్కుని, తను వచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి మెట్లెక్కింది.

నాలుగో అంతస్తులో లిఫ్టు తలుపు జానెడు తెరిచి ఉంది. లోపల, లిఫ్టు పెట్టె పైకప్పు మీద, అతను మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు. దెబ్బా లేదు, గాయమూ లేదు. ఆమె తలుపు సందు దగ్గరే కూర్చుంది.

"పిలిస్తే పలకవేం?"

"వినపడింది. తాళం తీస్తావో లేదో చూద్దామనుకున్నా."

ఆమెకు అసలు భయం అప్పుడు వేసింది. తీసుంటే లిఫ్టు కదిలి అతను నలిగి పోయేవాడు, ఆ చావు బతికినన్నాళ్లూ తను మోసేది. అది తెలిసే అతను నోరు మూసుకుని కూర్చున్నాడు.

"తియ్యలేదుగా. అంటే నామీద నీకింకా ప్రేమ ఉంది" అని నవ్వాడు.

ఆమె తాళంచెవిని సందులోంచి అతని ముందుకు తోసింది.

"ఇక నీ ప్రాణం నువ్వే మోసుకో."

కిందికి దిగి స్విచ్చు ముందు నిలబడింది. అతను వచ్చి తన చేత్తో తాళం తీసేదాకా తొందరయ్యను దగ్గరికి రానివ్వలేదు. ముసలావిడను లిఫ్టు ఎక్కించింది. తను మాత్రం వెనక్కి చూడకుండా మెట్లెక్కింది.