గోడ చేతులు

పొద్దున్నే పులెంగ్ మొక్కజొన్న సంకటి దించి, పసిదానికి పాలిచ్చి, ఎర్రమట్టిలో పేడ కలిపి గోడ అలికేది. పచ్చి ఆరకముందే వేళ్ళతోనో విరిగిన ఫోర్కుతోనో పువ్వులూ చేల చాళ్ళూ గీసెయ్యాలి. ఆరిందంటే గోడ ఇక మాట వినదు. తుమెలో అని పేరుపెట్టిన ఆ పసిది సరిగ్గా ఆ వేళకే గుక్కపట్టేది.

అప్పుడు తూర్పుగోడలోంచి అత్తగారి చేతులు మోచేతుల దాకా బయటికొచ్చి పిల్లను అందుకునేవి. ఆవిడ పోయి మూడేళ్ళు. పక్కింటి మా-లెబో వచ్చినప్పుడల్లా, "బాగున్నావా మా-తెఫో?" అని గోడను పలకరించాకే కూర్చునేది.

ఆఫ్రికాలోని ఆ లెసోతో దేశపు కొండల్లో, కోడలు గడప తొక్కగానే పుట్టబోయే బిడ్డకి పేరు పెట్టేసి, దాని ముందు 'మా', అంటే అమ్మ, చేర్చి ఆమెను పిలుస్తారు. అత్తగారు కొడుకు తెఫో పేరున మా-తెఫో. పులెంగ్ ఇప్పుడు మా-తుమెలో. గనిలో పనిచేసే మొగుడు తెఫో కూడా ఫోనులో అలాగే పిలిచేవాడు.

"అదృష్టవంతురాలివే," అనేది మా-లెబో. "మా అత్త బతికుండగానే నా పిల్లల్ని ముట్టుకున్న పాపాన పోలేదు."

పులెంగ్‌కి నవ్వు రాలేదు. ఈమధ్య ఆ చేతులు పిల్లను తిరిగివ్వడానికి జాగు చేస్తున్నాయి. పిల్ల ఒంటికి తడిమట్టి వాసన, ఎంత కడిగినా పోదు.

బిడ్డ పుట్టాక ఆమె ఒక్క గోడైనా పూర్తిచెయ్యలేదు. ఈస్టర్‌కి ముందురోజు పిల్లను ఆ చేతుల్లో పెట్టి దక్షిణపు గోడ పట్టింది. గీత వెంట గీత దానంతటదే వచ్చింది. చివరి పువ్వు గీశాక గాని పిల్ల ఏడుపు వినబడటం లేదని తట్టలేదు.

పరుగెత్తింది. చేతులు మణికట్ల దాకా లోపలికి పోయాయి. పిల్ల వీపు గోడలో కూరుకుపోయింది. పైగా నవ్వుతోంది.

"అత్తా, నా పిల్లనిచ్చెయ్యి!"

వేళ్ళు ఇంకా బిగిశాయి. కేకకి మా-లెబో వచ్చింది.

"లాగకే, నలుగుతుంది! మీ అత్త గీతలు చూడ్డానికి కొండ అవతల్నించి వచ్చేవాళ్ళు. తెఫో పుట్టాక రేపు గీస్తానంది, ఎల్లుండంది, గీయకుండానే పోయింది. ఆ చేతులకి పిల్లల్ని ఎత్తుకోవడం తప్ప ఇంకో పని ఎవరిచ్చారు?"

"పెళ్ళికి ముందు ఆవిడ పేరేంటి?"

"కోడలివై ఉండి అత్త పేరు నోట అంటావా?"

"చెప్పు పెద్దమ్మా, పిల్ల చెవుల దాకా మునిగింది!"

"లికెలెలి."

పులెంగ్ దేవుణ్ణి తలుచుకుంది. గుప్పెడు తడిమట్టి ఆ వేళ్ళ దగ్గర పెట్టి, గోడకి నోరానించి, "లికెలెలీ, నీ గోడ ఇంకా ఆరలేదు," అంది.

వేళ్ళు వదులయ్యాయి. ఒక్కొక్కటే విడివడి మట్టిని అందుకున్నాయి. పిల్ల జారి తల్లి ఒళ్ళో పడింది.

ఈస్టర్ పొద్దున మా-లెబో వాకిట్లో నిలబడి కేకేసింది. "లికెలెలీ! పులెంగ్! చర్చి గంట కొట్టేశారు."

చాన్నాళ్ళకి తన సొంత పేరు విని, ఇంకెవరినో అనుకుని పులెంగ్ వెనక్కి చూసింది. పసిది ఆమె వీపున దుప్పట్లో ఉంది. ఇక ఎప్పుడూ అక్కడే. తూర్పుగోడ మీద రెండు చేతులు ఆగకుండా గీస్తున్నాయి.

వానలకి గీతలన్నీ కొట్టుకుపోయాయి. తూర్పుగోడలో పడ్డ పిల్ల వీపు అచ్చు మాత్రం పోలేదు. ఏటా పులెంగ్ దానిమీద అలుకుతుంది, ఏటా అది పైకి తేలుతుంది. పిల్లతో పాటు అదీ పెరుగుతోంది.