ఆఖరి పోగు

పొద్దున ఎనిమిదింటికి జేసీబీ బొందలగడ్డ మీదికొచ్చింది. ఎర్రకుంటపల్లి జనం తమవాళ్లను పూడ్చుకునే రెండెకరాల నేల అది. సత్తెమ్మ పరుగెత్తుకొచ్చేసరికే ఆమె భర్త సమాధి లేదు. ఆమె నిలబెట్టిన రాయి మట్టికుప్పలో తలకిందులుగా పడి ఉంది. జేసీబీ తొట్టిలో ఎముకలు కనిపించాయి. డ్రైవర్ వాటిని చూసి, తల తిప్పుకొని, మళ్లీ తవ్వాడు. శంషాబాద్‌లో విమానం దిగే జనానికి కార్ల పార్కింగ్ కావాలట. కాంట్రాక్టు మండల అధ్యక్షుడు హరిప్రసాద్ బామ్మర్దిది.

సత్తెమ్మ ఫిర్యాదు రాసిచ్చింది. అది పై ఆఫీసుకు పోయి, "విచారించి నివేదించగలరు" అన్న ముద్రతో హరిప్రసాద్ టేబుల్ మీదికే తిరిగొచ్చింది. ఊరు గోల పెడితే అతను నవ్వుతూ, విచారణకని "నైతిక విలువల కమిటీ" వేశాడు. అందులో అతని వియ్యంకుడు, అతని పార్టీ మనిషి, అతని చెప్పుచేతల్లో ఉండే అధికారి. మొదటి మీటింగులో బొకేలు, జీడిపప్పు, ఫొటోలు. నీతి అన్న మాటను అంతమంది కలిసి ఎంగిలి చేశారు.

ఆ సాయంత్రం కమ్యూనిటీ హాలులో ఊరంతా కూడింది. గగన్‌పహాడ్ ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగినవాళ్లు టిఫిన్ డబ్బాలతోనే వచ్చారు.

"సత్తెమ్మక్కను గూడ ఆ కమిటీల పెట్టమందం," అన్నాడు యూనియన్ లక్ష్మణ్. "లోపల కూసుంటెనే గదా నిలదీసేది!"

చప్పట్లు మోగాయి. సత్తెమ్మకూ ఒక్క క్షణం ఆశ పుట్టింది. అంతలో ఆమె కళ్లు శివయ్య మీద పడ్డాయి. మైసమ్మ పండుగకు యాటను కోసి, ఇంటికొకటి చొప్పున మాంసం పోగులు వేసేది అతనే.

"శివయ్య బావా, పోగులేసేది నువ్వు. నీ పోగు ఎప్పుడు తీస్కుంటవ్?"

"ఆఖర్ల. అందరు తీస్కున్నంక మిగిలిందే నాది."

"ముందుగాల్నే తీస్కుంటె?"

"కత్తి నా చేతులనే ఉంటది. మంచి తున్కలన్ని నా పోగులనే పడ్తయి. ఊరు నా మొకం మీద ఉమ్మేస్తది."

"మరి హరిప్రసాద్ మొకం మీద ఎవ్వలు ఉమ్మరేంది?"

హాలు గొల్లున నవ్వింది. సత్తెమ్మ నవ్వలేదు.

"ఆయన కమిటీల మనకు కుర్సీ ఒద్దు. వేరే బోర్డు గావాలె. లీడర్లు, ఆళ్ల సుట్టాలు అండ్ల ఉండొద్దు. సుట్టుపక్క ఊళ్ల జనంల చిట్టీలేసి పేర్లు తియ్యాలె. మన ఊరోళ్ల పేర్లు గూడ ఉండొద్దు."

లక్ష్మణ్ లేచాడు. "మన బొందలు తవ్వితే పరాయి ఊరోళ్లు తీర్పు చెప్పుడేందక్కా?"

"కత్తి మన చేతుల గూడ ఉండొద్దు తమ్మీ."

లక్ష్మణ్ చాలాసేపు వాదించి, చివరికి తనే చిట్టీలు రాయడానికి కూర్చున్నాడు.

నాలుగోరోజు ఆ బోర్డు కోసం చుట్టుపక్కల పదకొండు ఊళ్ల జనం మండలాఫీసు మెట్ల మీద బైఠాయించారు. మధ్యాహ్నానికి పోలీసులు దిగారు. ఇన్‌స్పెక్టర్ సత్తెమ్మను పక్కకు పిలిచాడు.

"ఫిర్యాదు వాపస్ తీసుకో. హరిప్రసాద్ మీరడిగిన బోర్డే వేస్తాడట. మొదటి కుర్చీ నీకే."

"థూ! ఫిర్యాదు చేసినదాన్ని నేనే తీర్పు చెప్తె, ఆయనకు నాకు ఫరకేంది?"

ఆమెను ఈడ్చుకెళ్లి వ్యాన్‌లో పడేశారు. జాలీలోంచి చూస్తే మెట్ల మీద శివయ్య తువ్వాల పరిచి చిట్టీలు పోస్తున్నాడు. లాఠీ వీపు మీద పడినా తీసిన చిట్టీ వదల్లేదు, గట్టిగా చదివాడు.

"చంద్రమ్మ! గట్టుపల్లి!"

సత్తెమ్మ ఆ ఊరికి ఎన్నడూ పోలేదు. ఆ మనిషిని ఎన్నడూ చూడలేదు. జనం మధ్యలోంచి ఒక నడివయసు ఆడమనిషి లేచి నిలబడింది. వ్యాన్ కదిలేసరికి ఐదు చిట్టీలకు ఐదుగురు లేచారు.

మలుపు దాకా చంద్రమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది.

"హరిప్రసాద్! బయటికి రా. విచారణ మొదలైంది!"