చల్లటి ఇంజిన్

నన్ను చేసుకునేటప్పుడు ఒక్క ఫొటో చూసి సరేనన్న మనిషి మా ఆయన. పేరు జగన్మోహన్. ఆ మనిషే ఇప్పుడు పాత డీజిల్ పికప్ ట్రక్కు ఒకటి కొనడానికి ఏడు తరాలు తిరగేస్తున్నాడు. నాలుగు నెలల్నుంచీ ఎక్సెల్ షీటు నింపుతూనే ఉన్నాడు. నలభై ఒక్క వరసలైంది. ఏ సంవత్సరం ఇంజిన్‌కి ఏ జబ్బు వస్తుందో, ఎన్ని మైళ్ళకి వస్తుందో, రంగులు వేసి మరీ పెట్టుకున్నాడు. ఈయన రంగులు వేసేలోపు మంచి బండ్లు ఎవరో ఒకరు తోలుకుపోతున్నారు.

ఈలోపు నా వంట ట్రైలర్ మా ఇంటి ముందు డ్రైవ్‌వేలో పడి ఉంది. అట్ల పెనం, రెండు పొయ్యిలు, సింకు, అన్నీ అమర్చిన బండి. దాన్ని లాగడం మా మినీవాన్ వల్ల కాదు. అద్దె పికప్పులవాళ్ళు అంత బరువు లాగడానికైతే ఇవ్వం అన్నారు. ఆదివారం సంతలో నా అట్లకి ఒక చోటిచ్చారు గానీ రెండు వారాలు వెళ్ళలేకపోయాను. మూడోసారి కూడా రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామని మెయిల్ పెట్టారు. ఆ మూడోసారి రేపే.

మా ఇంట్లో ఇప్పుడున్న ఆశ ఆ చోటొక్కటే. ఎనిమిది నెలల క్రితం ఆయన ఉద్యోగం పోయింది. మేముండే ప్లేనోలో మాకు తెలిసిన పాతిక కుటుంబాల్లో ఒక్కరికీ చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని లైబ్రరీకి వెళ్ళి కూర్చుంటాడు. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లకి పిలిస్తే, ఆఫీసువాళ్ళు ఎప్పుడైనా పిలవొచ్చు, ఆన్‌కాల్‌లో ఉన్నానంటాడు. అప్పట్నుంచీ దేనికీ ఔననడు, కాదనడు. ఏమడిగినా "చూద్దాం" అంటాడు. ఆ మాట వినీ వినీ నా ప్రాణం విసిగిపోయింది.

అందుకే శనివారం పొద్దున షెర్మన్ ఊరు దాటాక ఎవరో డ్వేన్ అనే మనిషి దగ్గర బండి చూడ్డానికి బయల్దేరదామని తనే అంటే, శనివారం ఇనుము కొనకూడదని తెలిసి కూడా నేను నోరు మూసుకున్నాను. మూసుకుని ఊరుకోలేదు లెండి. గుళ్ళో పూజారి పరంధామయ్యగారికి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను. "తొమ్మిదికి రాహుకాలం వస్తుందమ్మా. ఎనిమిదీ నలభైకల్లా బండి స్టార్ట్ చేసేస్తే దోషం లేదు" అన్నారు. నిమ్మకాయలు, కొబ్బరికాయ, కుంకుమ సంచిలో సర్దుకున్నాను. దారిలో తినడానికి పులిహోర కలిపాను.

ఫిబ్రవరి చలి. కార్‌లో హీటర్ పెట్టుకుని వెళ్తుంటే ఆయన పాఠం మొదలుపెట్టాడు.

"రెండువేల ఏడుకి ముందువి పాతతరం రాధా. పొగ ఫిల్టరు ఉండదు, గోల తక్కువ. కానీ అన్నీ ముసలైపోయాయి. తర్వాత మూడు నాలుగేళ్ళు ఫిల్టర్ పెట్టారు, అది మూసుకుపోయేది. ఆ తర్వాతవాటికి ఇంకో ద్రవం పోయాలి, ఒంటినిండా సెన్సార్లు. ఒక్కటి పోయినా బండి మొరాయిస్తుంది."

"ఇంతకీ ఇవాళ చూసేది ఏ తరం?"

"పాతతరం. అందరూ మెచ్చుకునేది అదే." కాస్త ఆగి, "మెచ్చుకుంటారు గానీ, పనిలో పెట్టుకోడానికి భయపడతారు" అన్నాడు. అది ఇంజిన్ గురించి మాత్రమే అన్న మాట కాదని నాకు తెలుసు. ఓదార్చే ఓపిక నాకు లేకపోయింది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఎనిమిదిన్నరకి చేరాం. చుట్టూ తీగ కంచె, అవతల ఆవులు, రేకుల షెడ్డు ముందు తెల్ల పికప్. డ్వేన్‌కి డెబ్బై ఉంటాయి. చేతిలో కాఫీ కప్పుతో వచ్చి పలకరించాడు. బండి శుభ్రంగా కడిగి పెట్టాడు. నాకైతే చూడగానే నచ్చింది. ఎనిమిదీ నలభైకి ఇంకా పది నిమిషాలుంది కదా అని సంచిలోంచి నిమ్మకాయలు తీస్తున్నాను.

మా ఆయన బండి చుట్టూ తిరగలేదు, టైర్లు చూడలేదు. నేరుగా వెళ్ళి బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. వెంటనే చెయ్యి తీసేశాడు.

"ఇంజిన్ వేడిగా ఉందేంటి?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"మీరు చెప్పినట్టే ఏడున్నరకి ఒకసారి స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచాను" అన్నాడు డ్వేన్. "మీరే కదా మెసేజ్ పెట్టారు, ఎనిమిదీ నలభైకి మంచి టైం, మొదటిసారికే స్టార్ట్ అవ్వాలి, రెడీగా పెట్టండి అని."

మా ఆయన ఫోన్ తీసి చూసుకున్నాడు. ఆ మెసేజ్ పెట్టింది నేను. నిన్న సాయంత్రం ఆయన స్నానానికి వెళ్తే ఆయన ఫోన్‌లోంచే పెట్టాను. మంచి ఘడియలో బండి మొరాయిస్తే అపశకునం కదా అని నా భయం నాది. ఆయన షీటులో మొట్టమొదటి వరస, ఎర్ర రంగు వేసిన ఒకే ఒక్క వరస, "చల్లటి ఇంజిన్ మన ముందు స్టార్ట్ చేయించాలి" అని నాకేం తెలుసు! ఆ షీటు నేనెప్పుడు చదివి చచ్చాను?

తిడతాడేమో అనుకున్నాను. తిడితే బాగుండేది. ఫోన్ జేబులో పెట్టుకుని డ్వేన్ వైపు తిరిగి, "చల్లారేదాకా ఆగుతాం. మీకేమైనా ఇబ్బందా?" అన్నాడు.

"నాకేం ఇబ్బంది. నేనూ నా ఆవులూ ఇక్కడే ఉంటాం" అన్నాడాయన. "కానీ నాలుగైదు గంటలు పడుతుంది."

ఎనిమిదీ నలభై దాటిపోయింది. తొమ్మిదికి రాహుకాలం వచ్చింది. మేమిద్దరం మినీవాన్‌లో కూర్చుని ఎదురుగా ఉన్న తెల్ల బండిని చూస్తున్నాం. పదింటికి నాకు ఒళ్ళు మండిపోయింది.

"కొనేయండి! పనిచేస్తోందిగా? రేపు నా చోటు పోతే మళ్ళీ ఇస్తారా వాళ్ళు? మీకు అన్నీ చూద్దామే. చూసీ చూసీ ఎనిమిది నెలలైంది!"

అన్నాక నా నోటికే చేదనిపించింది. ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఆ నలభై ఒక్క వరసల్లో నలభై నాకు తెలీదు రాధా" అన్నాడు. "ఎవరెవరో రాసింది కాపీ చేసుకున్నా. ఇదొక్కటే నాకు నిజంగా అర్థమైంది. వేడి మీద ఏ ఇంజినైనా బాగానే పలుకుతుంది. చల్లగా ఉన్నప్పుడే దాని సంగతి తెలుస్తుంది."

"తెలిసి ఏం చేస్తారు?"

"ఇది పొరపాటైతే దిద్దుకోడానికి ఈసారి జీతం లేదు. అందుకే భయం. పొద్దున లేస్తే భయం, పడుకుంటే భయం. నీతో చెప్పలేక షీటు నింపుకుంటూ కూర్చున్నా."

ఎనిమిది నెలల్లో ఆయన నాతో చెప్పిన మొదటి నిజం అది. నాకు జాలేసింది, దానితోపాటే కోపమూ వచ్చింది. ఇంత భయం పక్కన పెట్టుకుని రోజూ చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడా నాచేత! పులిహోర డబ్బా తీసి ఆయన ఒళ్ళో పెట్టాను. ఒక ప్లేటు డ్వేన్‌కి కూడా ఇచ్చి వచ్చాను. ఆయన మిరపకాయ కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఇంకాస్త పెట్టమన్నాడు. తర్వాత మా ఆయన సీటు వెనక్కి వాల్చుకుని నిద్రపోయాడు. అంత గాఢంగా నిద్రపోవడం చూసి చాలా కాలమైంది.

ఒంటిగంటా నలభైకి లేచి వెళ్ళి మళ్ళీ బానెట్ మీద చెయ్యి వేశాడు. నన్నూ పిలిచి వెయ్యమన్నాడు. రాతిబండలా చల్లగా ఉంది. అప్పటికి యమగండం మొదలైందని నాకు తెలుసు. నోరెత్తలేదు.

డ్వేన్ తాళం తిప్పాడు. ఇంజిన్ తిరిగింది, తిరుగుతూనే ఉంది, అంటుకోలేదు. రెండోసారీ అంతే. మూడోసారి గొంతులో కఫం అడ్డుపడ్డ మనిషిలా దగ్గి అంటుకుంది. వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ. షెడ్డు కనపడకుండా కమ్మేసింది. పచ్చి డీజిల్ వాసనకి నా కళ్ళు మండిపోయాయి. పది నిమిషాలు చూశాం. పొగ పల్చబడుతూ పల్చబడుతూ అప్పటికి ఆగింది.

"చలికాలం ఇంజిన్ చల్లగా ఉంటే ఎప్పుడూ ఇంతే" అన్నాడు డ్వేన్, దాచేదేమీ లేదన్నట్టు. "వేడెక్కిందంటే మాత్రం కొండనైనా లాగుతుంది. నిన్నకూడా గడ్డి మోపుల ట్రైలర్ లాక్కొచ్చాను."

మా ఆయన నా వైపు చూశాడు. చూద్దాం అంటాడనుకున్నాను.

"వద్దు" అన్నాడు.

ఒక్క మాట. ఎనిమిది నెలలుగా నేను ఎదురుచూసిన మాట, నా చోటు పోగొట్టే మాట, రెండూ అదే. నా మెసేజ్ పాచిక గనక పారి ఉంటే, పొద్దున ఎనిమిదీ నలభైకి ఈ ఇంజిన్‌కి కుంకుమబొట్టు పెట్టి, ఉన్నదంతా దీని చేతిలో పోసి ఉండేవాళ్ళం. అది తెలుస్తూనే ఉంది. అయినా ఏడుపాగలేదు. నిమ్మకాయల సంచి పట్టుకుని కార్ వైపు నడిచాను. సంత వాళ్ళకి రాలేనని మెయిల్ రాద్దామని ఫోన్ తీశాను.

వెనక మా ఆయన గొంతు వినపడింది. డ్వేన్‌తో మాట్లాడుతున్నాడు. తడబడుతూ, అయినా ఆపకుండా.

"నాకు ఉద్యోగం పోయి ఎనిమిది నెలలైంది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, మీకే చెప్తున్నాను. మా ఇంట్లో ఇప్పుడున్న పని మా ఆవిడదే. వంట ట్రైలర్. రేపు ఎనిమిదింటికల్లా అది సంతలో ఉండాలి. బండి కొనలేను గానీ, మీరు లాగిపెడితే కిరాయి ఇస్తాను. రాగలరా?"

నేను ఫోన్ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. పాతిక కుటుంబాల ముందు దాచిన మాటని, ఆవుల కంచె పక్కన, నా అట్ల కోసం, ముక్కూ మొహం తెలియని మనిషి ముందు పెట్టేశాడు.

డ్వేన్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఆ పసుపు అన్నం లాంటిది అక్కడ కూడా ఉంటుందా?" అని అడిగాడు.

"ఉంటుంది" అన్నాను నేను, వెనక్కి వస్తూ.

"అయితే ఎన్నింటికి రమ్మంటారు?"

మా ఆయన నా వైపు తిరిగాడు. రేపటి రాహుకాలం ఎప్పుడో నన్ను అడుగుతాడనుకున్నాను. అడగలేదు.

"ఏడింటికి మా ఇంటి ముందుండాలి" అన్నాడు డ్వేన్‌తో. "రేపు మాత్రం ఇంజిన్ బాగా వేడి చేసుకునే రండి."