అమ్మకు వచ్చిన పూనకం

ఆ ఏడు ఆషాఢం అయిపోతున్నా చినుకు లేదు. విత్తనం వేరుశనక్కాయలు మూటల్లోనే ఉన్నాయి. ఎవరికీ కూర్చుంటే నిలకడ లేదు, నిలబడితే నిలకడ లేదు.

మా అమ్మ తిరుపాలమ్మకు షుగరు, రోజూ మాత్ర వేసుకుంటుంది. మూత్రంలో మంట, జ్వరం వస్తే బుక్కరాయసముద్రం మందుల షాపుకు పోయి ఏవో యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చుకుంది. షుగరు మాత్ర సంగతి షాపాయన అడగలేదు, ఈమె చెప్పలేదు. జ్వరానికి అన్నం సహించలేదు గానీ, రెండు రకాల మాత్రలూ తప్పకుండా మింగింది. మందుల విషయంలో మా అమ్మంత బుద్ధిమంతురాలు లేదు, అదే నా ఖర్మ.

మధ్యాహ్నం బోరింగు దగ్గర నీళ్ల కోసం నిలబడి ఉంటే కేకలు వినబడ్డాయి.

"తిరుపాలమ్మకు గంగమ్మ పూనింది!"

బిందె వదిలేసి పరిగెత్తాను. వాకిట్లో అమ్మ ఊగుతోంది. రవికె చెమటకు తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి, మాట ముద్దముద్దగా వస్తోంది. ఎవరో నొసటికి పసుపు పూసి, చేతికి వేపమండ ఇచ్చారు. మా మేనమామ కొండప్ప చేతులు జోడించి నిలబడ్డాడు.

"తల్లీ, వానెప్పుడు వస్తాదో చెప్పి పో!"

షుగరు పడిపోతే ఇట్లే చెమటలు పట్టి వణుకుతారని, వెంటనే తీపి పెట్టాలని అనంతపురం డాక్టరమ్మ మునుపే చెప్పింది. చక్కెర నీళ్లు కలుపుకొచ్చాను. మామ అడ్డం వచ్చాడు.

"ఏం మే సరళా, అమ్మవారు ఒంటిమీద ఉంటే నోట్లో పోస్తారా? మాట రానీ."

"మాట కాదు మామా, పానం పోతాండాది! జరుగు!"

"రోంతసేపు ఆగు మే. ఊరి బతుకు ఇది."

ఊరి బతుకట! ఎద్దు పుండు కాకికి నొప్పా? ఆయన్ను ఒక్క తోపు తోసి, అమ్మ దవడ పట్టుకుని కొద్దికొద్దిగా పోశాను. మొదట బయటికే కారిపోయింది. తర్వాత గుటక పడింది. నాకు ఏడుపొచ్చింది.

వణుకు తగ్గేసరికి జనం గొణుక్కుంటూ లేచారు.

"చెప్పబోయే తల్లిని పంపిచ్చేసినావు కదే," అని మామ తువ్వాలు దులుపుకుని పోయాడు.

ఆటోలో అనంతపురం తీసుకుపోతే డాక్టరమ్మ రెండు మాత్రలూ చూసి తల పట్టుకుంది. ఈ యాంటీబయాటిక్ షుగరు మాత్ర బలాన్ని పెంచేస్తుందట, పైగా ఖాళీ కడుపు. ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కేది కాదంది. ఏ మందు కొన్నా, అప్పటికే వాడుతున్నవి ముందు చెప్పాలని గట్టిగా మందలించింది.

అమ్మ మంచం మీద పడుకుని అంతా విన్నది. డాక్టరమ్మ పోయాక నా చెయ్యి పట్టుకుంది. బతికించినందుకేమో అనుకున్నాను.

"ఇంగ రోంతసేపు ఆగింటే," అంది, "వాన సంగతి చెప్పిందును గదే."