వెచ్చగా తీసుకురావాలట

మా ఆయన ఫ్రిజ్ మెకానిక్. పదకొండో ఏటే షుగరు వచ్చింది, టైప్ వన్ అంటారు. అప్పటినుంచి రోజుకి నాలుగు ఇన్సులిన్ సూదులు. ఐదో సూదిని నేనట. స్కూలు యూనిఫాంలు కుట్టేదాన్ని కాబట్టి ఆ పేరు పెట్టానంటారు గానీ, నా నోరు చూసే పెట్టారని అందరికీ తెలుసు.

ఆయనకి లోకంలో ఒకటే నమ్మకం: చల్లగా ఉంచితే ఏదీ చెడిపోదు. మా ఫ్రిజ్‌లో పై అర ఇన్సులిన్‌ది, అందులో నేను చేయి పెట్టకూడదు. బయటికి వెళ్తే నడుముకి నీలం రంగు కూలింగ్ సంచి, అందులో ఐస్ ప్యాక్. మా పెళ్ళి ఫోటోలో కూడా ఆ సంచి ఉంది. అందులో ఏముందని ఎవరైనా అడిగితే బంగారం అని చెబుతాను.

నాకు రెండుసార్లు కడుపు నిలిచింది, రెండుసార్లూ పోయింది. మొదటిది తొమ్మిదో వారంలో, రెండోది పదకొండో వారంలో. మొదటిసారి నేను ఏడ్చాను, ఆయన వంట చేశారు. రెండోసారి ఇద్దరం ఏమీ చేయలేదు. బిడ్డ కావాలని ఎంత ఉందో మాటల్లో చెప్పలేమంటారు. నేను చెప్పగలను. షాపులో అన్నిటికన్నా చిన్న సైజు చొక్కాలకి గుండీలు కుట్టేటప్పుడు, ఒక్కోదాన్ని ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంటాను. నా చేయి నెమ్మదించిందని ఓనరమ్మ విసుక్కుంటుంది. నెమ్మదించడం కాదు, ఆగిపోతుంది.

నా పరీక్షలన్నీ బాగున్నాయని తేలాక డాక్టరమ్మ ఆయన వైపు తిరిగింది.

"షుగరు ఏళ్ళ తరబడి ఎగుడుదిగుడుగా ఉంటే మగవాళ్ళ వీర్యం మీద కూడా ప్రభావం ఉండొచ్చు. గర్భం పోవడానికి అదే కారణమని చెప్పలేను, కాదనీ చెప్పలేను. ఒకసారి పరీక్ష చేయిద్దాం."

ల్యాబులో ఆ చిన్న గదిలో తన వల్ల కాదని, ఇంటి దగ్గరే డబ్బాలో పట్టి తీసుకెళ్ళారు. నన్ను రావద్దన్నారు.

ఆ తర్వాత మనిషి మనిషిలా లేరు. రిపోర్టు అడిగితే ఇంకా రాలేదంటారు. నేను పక్కన కూర్చుంటే లేచి వెళ్ళి ఏదో ఒకటి బాగుచేస్తారు. ఒక ఆదివారం టీ తాగుతూ, "నీకింకా ముప్ఫై రెండేళ్ళే. కావాలంటే నీ దారి నువ్వు చూసుకోవచ్చు" అన్నారు. కప్పు విసిరేదాన్నే, మంచి కప్పు కాబట్టి ఊరుకున్నాను. ఎవరిదో ఫ్రిజ్ ఆగిపోయిందని ఆయన బయటికి వెళ్ళగానే, పెట్టకూడని అరలో చేయి పెట్టాను. ఇన్సులిన్ డబ్బాల వెనక, నాలుగు మడతలు వేసి, రిపోర్టు. దాన్ని కూడా చల్లగానే దాచారు. సంఖ్య బాగానే ఉంది. కదలిక: సున్నా.

మర్నాడు ఆయన్ని చేయి పట్టుకుని ల్యాబుకి లాక్కెళ్ళాను. కళ్ళజోడు మెడలో వేలాడేసుకున్న టెక్నీషియన్ ముందు కాగితం పెట్టాను.

"ఒక్కటీ కదలకపోతే మరి నాకు రెండుసార్లు ఎలా నిలిచిందండీ?"

ఆవిడ చదివి, ఆయన్ని అడిగింది. "శాంపిల్ ఇంటి నుంచి తెచ్చారు కదా. ఎలా తెచ్చారు?"

"జాగ్రత్తగానే తెచ్చాను." ఆయన నడుముకున్న సంచి చూపించారు. "మామూలుగా ఒక ఐస్ ప్యాక్ పెడతాను. ఇది మరీ ముఖ్యం కదాని రెండు పెట్టాను."

ఆవిడ కళ్ళజోడు తీసి సంచి వైపు చూసింది. "చల్లబడితే అవి కదలవండీ. వెచ్చగా తీసుకురావాలి, ఒంటికి ఆనించుకుని, గంటలోపు. మీకు కాగితం ఇచ్చాం కదా?"

"ఇచ్చారు. చదవలేదు. చల్లగా ఉంచడం నాకు ఒకరు చెప్పాలా అనుకున్నాను."

నవ్వాలో తిట్టాలో తెలియక రెండూ చేశాను. ఆయన గోడకి ఆనుకుని, "మూడు వారాలు" అన్నారు, అంతే. ఆ మూడు వారాలూ ఒక్కరే మోశారని తలుచుకుంటే నాకు ఏడుపొచ్చింది. నాలుగు రోజులు ఆగి మళ్ళీ రమ్మంది టెక్నీషియన్. అప్పటిదాకా ఆశలు పెంచుకోవద్దని కూడా అంది. ఆ మాట మాత్రం నేను వినలేదు.

నాలుగో రోజు డబ్బా నేనే తీసుకున్నాను. ఈ విషయంలో ఆయన్ని నమ్మలేను. మూత బిగించి, స్వెట్టర్ లోపల పొట్టకి ఆనించి, పైన రెండు చేతులూ పెట్టుకున్నాను. ల్యాబు తొమ్మిది స్టాపులు. బస్సు కిక్కిరిసిపోయి ఉంది. నన్నెవరూ తోయకుండా ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డారు.

మూడో స్టాపులో ఒక పెద్దావిడ నా చేతుల వైపు చూసి లేచింది.

"కూర్చో తల్లీ. ఎన్నో నెల?"

మాటకి మాట అప్పజెప్పేదాన్ని, ఆ రోజు చెప్పినట్టే వెళ్ళి కూర్చున్నాను.

"ఇంకా దారిలోనే ఉన్నామండీ" అన్నారు మా ఆయన.

ఆవిడకి ఏం అర్థమైందో గానీ, నవ్వి తల ఊపింది. నిజం చెప్పేస్తే పోయేది. చెప్పలేదు. ఆ ఆరు స్టాపులూ నేను కడుపుతో ఉన్నదాన్నే. గుంట వచ్చినప్పుడల్లా చేతులు బిగించాను.

కౌంటర్ దగ్గర టెక్నీషియన్ చేయి చాపితే డబ్బా వెంటనే ఇవ్వలేకపోయాను. ఇచ్చాక పొట్ట మీద ఆ చోటు చల్లబడింది. ఆ చల్లదనం నేను రెండుసార్లు ఎరుగుదును. ఆయన ఏమీ అడక్కుండా తన అరచేయి తెచ్చి అక్కడ పెట్టారు, అంతమంది ముందు.

గంట తర్వాత టెక్నీషియన్ బయటికొచ్చింది. "కదలిక కొంచెం తక్కువే. కానీ కదులుతున్నాయి. మిగతాది మీ డాక్టరమ్మ చెబుతుంది."

"ఎటు కదులుతున్నాయండీ?" అని అడిగారు మా ఆయన.

"ముందుకే" అందావిడ.

బిడ్డ పుడుతుందని ఎవరూ చెప్పలేదు. మళ్ళీ నిలిచినా అది ఉంటుందని ఎవరూ చెప్పలేదు. తిరుగు బస్సులో సీట్లన్నీ ఖాళీగానే ఉన్నాయి. అయినా ఆయన నన్ను కూర్చోబెట్టి, తను మాత్రం తొమ్మిది స్టాపులూ నిలబడే ఉన్నారు, రెండు చేతులూ అడ్డం పెట్టి.