రాయితో వచ్చిన గులాబీ

ఫ్రౌకే బూట్లు విప్పకుండానే లోపలికొచ్చింది. తెచ్చిన రెండు ఖాళీ బకెట్లనూ ఉప్పునీటి అక్వేరియం ముందు చప్పుడయ్యేలా పెట్టింది.

"చెప్పానా, నీ వల్ల కాదని? బతికున్నవన్నీ మా ఇంటికి పట్టుకుపోతా. తమ్ముడికి నేను చెప్పుకుంటాలే."

ఇర్మెలా భర్త, అంటే ఫ్రౌకే తమ్ముడు హెనింగ్, ఓడలో ఇంజనీరు. ఈసారి బ్రెమర్‌హాఫెన్ రేవు వదిలేముందు, పెళ్లికి ముందునుంచీ ఈ అక్వేరియంలో పెంచుతున్న ఆకుపచ్చ పగడాన్ని భార్యకు అప్పగించి వెళ్లాడు. అక్కకు అప్పగించలేదు. అది ఫ్రౌకేకి మింగుడుపడలేదు.

అతను వెళ్లిన కొద్దిరోజులకే ఆమె ఒక పగడపు పిలక తెచ్చిచ్చింది, అది అంటుకున్న రాయితో సహా. రాయి అంచున గోధుమరంగు పువ్వులాంటిదొకటి రెక్కలాడిస్తూ ఉంది.

"ఇదేంటి వదినా?"

"గాజు గులాబీ. నచ్చకపోతే కత్తితో గీకేయ్."

పేరు ముచ్చటగా ఉందని ఇర్మెలా ఉంచుకుంది. అది పువ్వు కాదు, జీవి అనీ, పక్కనున్న ఆకుపచ్చ పగడాన్ని కుడుతోందనీ కనిపెట్టి గీకేసింది. రాలిన ప్రతి తునకా ఇంకో గులాబీ అయి కూర్చుంది. పగడం ముడుచుకుపోయి, ఒక పక్క కండ పోయి లోపలి తెల్లటి ఎముక బయటపడింది.

ఇప్పుడు ఫ్రౌకే చూపు ఆ ఎముక మీదే ఉంది. "పాపం, చంపేశావ్."

ఇర్మెలా పంపు ఆపింది. నీళ్లు కదలడం ఆగాక, సున్నపు ముద్ద నింపిన సిరంజి తీసుకుని ఒక గులాబీ నోటి దగ్గర మెల్లగా వదిలింది. అది మింగింది, ముడుచుకుంది, కరిగిపోయింది.

"ఇది ఎవరు నేర్పారు?" ఫ్రౌకే గొంతు మారింది.

"పగడాల సంఘంవాళ్లు. ఆదివారం పిలకలు పంచుకునే చోటికి వెళ్లాను. వెనక నిలబడ్డాను, నువ్వు చూడలేదు. అందరికీ రాయి విరిచేసి, పిలకని మందునీళ్లలో ముంచి ఇస్తున్నావ్. ఎందుకలా అని పక్కావిడని అడిగితే, ఇలాంటి దొంగ జీవులన్నీ రాయిలోనే దాక్కుని వస్తాయంది. మరి మాకెందుకు రాయితో ఇచ్చావ్ వదినా?"

"మర్చిపోయుంటాను."

"గీకమని చెప్పడం మాత్రం మర్చిపోలేదు."

"మహా తెలివైనదానివి! ఒక్కటి మిగిలినా మళ్లీ పుట్టుకొస్తాయి, తెలుసా?"

"వస్తే మళ్లీ సున్నం పోస్తాను. నాకేం తొందర్లేదు. అటు చూడు."

ఎముక అంచున పగడం లేతాకుపచ్చ వేలొకటి బయటికొచ్చి కదులుతోంది. ఫ్రౌకే చూసింది. చూడనట్టు బకెట్లు ఎత్తుకుంది.

"ఆగు." ఇర్మెలా ఉప్పునీళ్ల సంచిలో కట్టి ఉంచిన పిలకని తెచ్చి ఒక బకెట్లో వేసింది. "నువ్విచ్చిందే. మందులో ముంచాను, రాయి విరిచేశాను. మా ఇంట్లో ఎవరికైనా ఇలాగే ఇస్తాం."

ఫ్రౌకే వెనక తలుపు దడాలున పడింది. ఇర్మెలా నేలమీది బూట్ల మరకలు తుడిచి, చేతులు కడుక్కుని, పంపు వేసింది.